ఆటలమ్మను వెంటబెట్టుకుని రాయపూర్‌కి

రాయపూర్ వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "పెళ్ళా, చావా?" మా విజయనగరం వాళ్ళకి రాయపూర్ చూడ్డానికి వెళ్ళే ఊరు కాదు. రైల్వేలోనో, ఉక్కు కార్ఖానాలోనో పనిచేసే చుట్టాలుండే ఊరు. శుభలేఖ వస్తే వెళ్తాం, భోంచేస్తాం, ఎండలు మండిపోతున్నాయని తిట్టుకుంటూ వచ్చేస్తాం. నేనూ అలాగే వెళ్ళాను, కాకపోతే అలా రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వెళ్ళింది శ్రీమంతానికి. మా అక్క వరలక్ష్మి కూతురు శిరీషకి ఏడో నెల. అక్క పెళ్ళై వెళ్ళినప్పటినుంచీ రాయపూర్‌లోనే ఉంటోంది. బావ వేగన్లు బాగుచేసే రైల్వే షాపులో పనిచేసి రిటైరయ్యాక, కాలనీ వెనకాలే చిన్న ఇల్లు కట్టుకున్నారు. "మొదటి గాజులు నువ్వే తొడగాలి పిన్నీ" అని శిరీష ఫోన్‌లో మూడు నెలల ముందే బుక్ చేసేసుకుంది. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. పిలిచిన చోటికి వెళ్ళకుండా ఉండలేను, వెళ్ళిన చోట నోరు మూసుకుని కూర్చోలేను.

రాయగడ దాటాక

పొద్దున్న విజయనగరంలో బండెక్కితే దీపాలు పెట్టే వేళకి రాయపూర్. పార్వతీపురం దాకా మన మాటలే వినిపిస్తాయి. రాయగడ దాటితే కొండలు, సొరంగాలు, ఆకు దొన్నెల్లో జామకాయ ముక్కలు. ఉప్పూ కారం చల్లి ఇచ్చారు. మా ఊరి జామకాయ కన్నా తియ్యగా ఉందని ఒప్పుకోవడానికి మనసు రాలేదుగానీ, రెండో దొన్నె కొన్నాను.

నా సంచీలో ఆవకాయ జాడీ, సున్నుండలు, చలిమిడి, మా ఊరి కోట దగ్గర కొన్న ఆకుపచ్చ గాజులు. స్టేషన్లో కూలీని పిలవకుండా ఆ సంచీని నేనే మోశాను, ఎవరి సాయమూ అక్కర్లేదన్న పొగరుతో. బండి కదిలిన కాసేపటికి కుడి రొమ్ము కింద మొదలై పక్కనించి వీపు దాకా సలుపు పట్టుకుంది. నరం పట్టేసిందనుకున్నాను. అటు తిరిగితే ఒక రకంగా, ఇటు తిరిగితే ఇంకో రకంగా బాధ.

తిత్లాగఢ్‌లో ఎదురు సీట్లోకి ఒకావిడ వచ్చింది. నా ఈడుదే. చేతులకి దళసరి వెండి కడియాలు, పక్కన పెద్ద బట్టల మూట. నన్ను కాసేపు చూసి "పిరాథే కా, దాయీ?" అంది. నొప్పిగా ఉందా తల్లీ అని. నా హిందీయే అంతంతమాత్రం, ఛత్తీస్‌గఢీ అసలు రాదు. అయినా నొప్పి గురించి అడిగితే ఏ భాషలోనైనా తెలుస్తుంది. తల ఊపాను. ఆవిడ తన మూట విప్పి, మళ్ళీ మెత్తగా కట్టి, నా వీపు వెనకాల పెట్టింది. మినప్పిండి గారెలు రెండు చేతిలో పెట్టింది. అక్కడ వాటిని బరా అంటారట. మహాసముంద్‌లో దిగేటప్పుడు మూట తీసుకోవాల్సి వచ్చి, ఏదో తప్పు చేస్తున్నట్టు మొహం పెట్టింది. పేరు కూడా అడగలేదు నేను. ఆ మూట లేకపోతే అంతసేపు కూర్చోగలిగేదాన్ని కాదు.

అక్కవాళ్ళ ఇల్లు

ఆ ఇంట్లో మూడు భాషలు ఒకే వాక్యంలో కాపురం చేస్తాయి. మర్నాడు పొద్దున్నే బావ పోహా, జిలేబీ కలిపి ఒకే పొట్లంలో తెచ్చారు. కారం అటుకుల పక్కన తీపి జిలేబీ ఏమిటని సణిగాను. "తిని మాట్లాడు" అన్నారు. తిన్నాక మాట్లాడలేదు. మధ్యాహ్నం పనిమనిషి ఇంటినుంచి తెచ్చుకున్న బాసీ చూశాను. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉల్లిపాయతో తినేది. మన తరవాణి అన్నమే. మన ఇళ్ళల్లో ఇప్పుడది నామోషీ అయిపోయింది, అక్కడ మాత్రం గౌరవంగా తింటున్నారు.

ఇంట్లో అందరికన్నా పెద్దది బావ తల్లి. అందరూ మామ్మ అంటారు. కళ్ళు సరిగ్గా కనబడవు, చెవులు మాత్రం పక్కింటి మాటలు కూడా పట్టుకుంటాయి. నన్ను చెయ్యి పట్టుకుని తడిమి, "ఏటే పద్దూ, ఇలా ఎండిపోనావు? మేస్టరమ్మలకి పింఛనిస్తారు కదా, తినవేటి?" అంది.

ఆ రోజే అక్కా నేనూ పండరీ వెళ్ళాం, శిరీషకి చీర కొనడానికి. బట్టల బజారంటే అది. దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ముందర చీరల గుట్ట పోస్తారు. మా ఊళ్ళో నాలుగు చీరలు తీయించి ఒకటి కొనకపోతే కొట్టువాడి మొహం మాడిపోతుంది. ఇక్కడ నలభై తీయించినా "ఔర్ దేఖియే దీదీ" అంటాడు. వాడు చెప్పిన ధరలో సగానికి అక్క బేరం మొదలుపెట్టి, ముప్పావుకి ముగించి, గెలిచినట్టు నా వైపు చూసింది. నేను ఆ ఆనందంలో పాలుపంచుకునే స్థితిలో లేను. నా ఒంటిమీద జాకెట్టు గుడ్డ తగిలితేనే నిప్పు తగిలినట్టు ఉంది. నూలు జాకెట్టు గుచ్చుకోవడం నా జన్మలో మొదటిసారి.

సాయంత్రం మంచం మీద బోర్లా పడుకుని బామ్ రాసుకోబోతే చెయ్యి వీపు దాకా అందలేదు. శిరీష చూసింది.

"అరె పిన్నీ, ఇటివ్వు. నేను రాస్తా."

"వద్దే, వంగకు."

"వంగట్లేదు, కూర్చునే రాస్తున్నా. టెన్షన్ మత్ లో." అరచేత్తో గట్టిగా రుద్దింది. "పిన్నీ, ఇక్కడ చిన్న చిన్న పొక్కులున్నాయి. చెమట పొక్కులేమో. ఒకటి రెండు పగిలాయి కూడా."

ఎండలు కదా అనుకున్నాం ఇద్దరమూ. ఆ చేతులతోనే అది సున్నుండ తీసుకుని తింది. నాకు ఆ సున్నుండ ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

స్కిన్ డాక్టరు దగ్గర

తెల్లారి స్నానానికి వెళ్తే, వెన్నెముక దగ్గర్నించి రొమ్ము కింద దాకా ఒక పక్కనే ఎర్రటి పట్టీ, దాని మీద నీటి బుడగలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అక్క చూసి భయపడింది. మామ్మ వేళ్ళతో చుట్టూ తడిమి, "సర్పి" అంది. "ఒక్క పక్కే ఉంది కదా? అయితే అదే. మన ఊర్లో అయితే కుమ్మరి చేత ఎర్రమట్టి రాయించేవాళ్ళం. ఇక్కడ ఎవుడు రాస్తాడు."

కుమ్మరి దొరకడని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పెద్ద ఆస్పత్రి, చర్మవ్యాధుల విభాగం. నా దరిద్రపు హిందీలో మొదలుపెట్టబోతే, ఎదురుగా ఉన్న డాక్టరమ్మ నవ్వి, "తెలుగులో చెప్పండి ఆంటీ. మాది శ్రీకాకుళమే, తాతగారు రైల్వేలో వచ్చారు. నాకు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు" అంది. ఆ అమ్మాయి పేరు స్వాతి. ఆ క్షణంలో ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

చూసింది. "మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?"

వచ్చింది. ఏడేళ్ళప్పుడు. వీధి గదిలో చాప, తల దగ్గర వేపమండ, ఇంట్లో పోపు ఘుమఘుమ లేదు, పెరుగన్నమే. గోకనివ్వకుండా మా అమ్మ వేపాకు రెమ్మతో ఒళ్ళంతా నిమిరేది. చుట్టాలు గుమ్మం దగ్గరే ఆగి తల్లికి మొక్కి వెళ్ళేవారు. అన్నీ చెప్పాను. స్వాతి అడ్డురాకుండా వింది.

"అదే ఇది ఆంటీ. ఆ వైరస్సే. అప్పుడు వెళ్ళిపోలేదు. వెన్నెముక పక్కన నరాల మొదళ్ళలో పడుకుని ఉండిపోయింది. వయసు మీద పడ్డాక ఒంట్లో కాపలా తగ్గితే లేచి, ఒక్క నరం వెంబడి బయటికొస్తుంది. అందుకే ఒక్క పక్కే, పట్టీలాగా."

అరవై దాటాక నాకు తెలిసిన విషయం ఇది. మా అమ్మ వేపనీళ్ళు పోసి, నైవేద్యం పెట్టి సాగనంపిన తల్లి వెళ్ళనే లేదన్నమాట. నాతోపాటే బడికెళ్ళింది, పెళ్ళి చేసుకుంది, పింఛను కూడా తీసుకుంటోంది. నవ్వొచ్చింది, నవ్వితే పక్కలో నొప్పొచ్చింది.

స్వాతి పనిచేసేది కూడా దీని మీదేనట. సర్పి తగ్గిపోయాక కూడా కొందరికి నెలల తరబడి నొప్పి ఎందుకు వదలదో, కొందరికి ఎందుకు వదిలేస్తుందో అని. "మీ బుడగలోంచి కొంచెం నీరు తీసుకోనా? వైద్యానికి కాదు, పరిశోధనకి. వద్దన్నా మీ మందులకేమీ తేడా రాదు" అని అడిగింది. నాకేం ఒరుగుతుందని అడిగాను, నా నోరు ఊరుకోదు కదా. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఆటలమ్మ, సర్పి ఒకటేనని తేలడానికే ఎంతో కాలం పట్టిందనీ, ఇంగ్లండులో ఒక మామూలు డాక్టరు తన దగ్గరికొచ్చే జనాన్ని ఏళ్ళ తరబడి వదలకుండా గమనించి, పాత వైరస్సే నిద్రలేస్తుందని చెప్పాడనీ అంది. జపాను డాక్టరొకాయన కొడుకుకి ఆటలమ్మ గట్టిగా పోసి ఎంతో బాధపడ్డాడట. అది చూసి ఆ తండ్రి టీకా కోసం పట్టుబట్టాడు. టీకాకి వాడిన వైరస్సు జబ్బుపడ్డ ఇంకో చిన్నపిల్లాడి బుడగల్లోంచి తీసిందేనట. "వాడికేం ఒరిగింది ఆంటీ?" అంది స్వాతి. జాకెట్టు పక్కకి జరిపి "తీసుకో" అన్నాను.

రోజుకి అయిదుసార్లు మింగే మాత్రలు రాసింది. తొందరగా వచ్చాం కాబట్టి బాగా పనిచేస్తాయంది. లేవబోతుంటే అడిగింది, "ఇంట్లో ఆటలమ్మ రానివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరూ లేరు కదా?"

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

శిరీష చేతులు

సర్పి ఒకరినుంచి ఒకరికి సర్పిగా అంటదట. కానీ ఆ బుడగల నీరు తగిలితే, ఆటలమ్మ రానివాళ్ళకి ఆటలమ్మగా వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు వస్తే ఊపిరితిత్తుల దాకా పాకి తల్లి ప్రాణానికే ముప్పు కావచ్చు. నేను బామ్ సంగతి చెప్పాను.

"శిరీషకి చిన్నప్పుడే వచ్చింది" అంది అక్క వెంటనే. "వాళ్ళన్న కిషోర్‌కీ దీనికీ ఇద్దరికీ ఒకే రోజు వేపనీళ్ళు పోశాం. నాకు బాగా గుర్తు."

"అయితే పర్లేదు ఆంటీ" అంది స్వాతి. ఆటోలో ఇంటికొస్తూ అక్క నా మోకాలి మీద చెయ్యేసి ఉంచింది.

ఆ సాయంత్రం మామ్మ పక్కన కూర్చుని ఈ కథంతా చెప్తున్నాను. ఆవిడ వక్క నములుతూ వింటోంది. అంతా విని, మామూలుగా అంది: "అమ్మవారు పోసింది కిషోర్‌కే కదా. దీనికి పోయలేదు."

అక్క వంటింట్లోంచి వచ్చింది. "అదేమిటత్తయ్యా, ఇద్దరికీ నీళ్ళు పోశాం కదా. నేను ఊరినించి వచ్చేసరికి ఇద్దరూ తడి తలలతో, వేపాకులు అంటుకుని గుమ్మంలో ఉన్నారు."

"నీళ్ళు పోసాను. ఇంట్లో ఒకరికి ఒచ్చిందంటే, పిల్లలందరికీ పొయ్యాలి. ఒచ్చినోళ్ళకీ, రానోళ్ళకీ. మా అత్త అలాగే చేసింది, నేనూ అలాగే చేసాను. అప్పుడు నువ్వు లేవు. పద్దూకి ఆపరేషనని ఇజీనారం ఎళ్ళావు."

ఆవిడ చెప్పింది నిజమే. ఆ నెల నాకు కడుపులో గడ్డ తీశారు, అక్క వచ్చి నా దగ్గరే ఉంది. పాతికేళ్ళుగా మా అక్క తన కూతురికి ఆటలమ్మ వచ్చిందని నమ్మింది ఆ తడి తల చూసి. మా ఇళ్ళల్లో తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా జరగదేమో. జబ్బు ఎవరికొచ్చిందో ఎవరూ చెప్పుకోరు, నీళ్ళు పోయడం మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఫోన్ చేస్తే స్వాతి కంగారు పడలేదు. శిరీషని పొద్దున్నే రక్తం ఇవ్వమంది. ఒంట్లో ఈ వైరస్సుని ఎదుర్కొనే శక్తి ఉందో లేదో పరీక్షలో తెలుస్తుంది. లేకపోతే కొద్దిరోజుల్లోపు ఇవ్వాల్సిన ఇంజెక్షనొకటి ఉంది. ఖరీదు ఎక్కువ, దొరకడం కష్టం, కానీ ఉంది. శిరీషని అల్లుడొచ్చి నయా రాయపూర్‌లోని వాళ్ళ ఫ్లాటుకి తీసుకెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ అది వెనక్కి తిరిగి "పిన్నీ, నువ్వు బేకార్‌గా ఏడవకు. రుద్దింది నేను కదా, నువ్వు రుద్దమన్లేదు" అంది. అది అలా అనకుండా ఉంటే బాగుండేది. అప్పటిదాకా ఆపుకున్నాను.

తెలీబంధా చెరువు

మర్నాడంతా ఫలితం కోసం ఎదురుచూపే. నేను గదిలోంచి రానని భీష్మించుకుంటే, "మూసి కట్టుకట్టావు కదా, గాలికేం కాదు" అని సాయంత్రం బావ తెలీబంధా చెరువుకి తీసుకెళ్ళారు. చెరువు చుట్టూ నడిచే బాట, రంగుల దీపాలు, బఠాణీ చాట్ బళ్ళు, ఫోటోలు తీసుకునే జంటలు. పక్క సలుపుతూనే ఉంది. చీర కొంగు తగలకుండా పట్టుకుని నడుస్తున్నాను.

బావ మాటకారి కాదు. ఒక బెంచీ దగ్గర ఆగి టీ తెచ్చిచ్చారు. "అమ్మ మీద కోపం పెట్టుకోకు" అన్నారు.

"మామ్మ మీద నాకెందుకు కోపం? ఆవిడ చెప్పకపోతే మనకి తెలిసేదే కాదు. నా మీదే నాకు."

"ఆ ఇంజెక్షన్ గురించి మన షాపులో చేసినవాళ్ళందరికీ చెప్పాను. నాగపూర్‌లో ఒకడు, ఢిల్లీలో ఒకడు కనుక్కుంటున్నారు. అవసరమైతే రాత్రికి రాత్రి బండిలో ఎవడో ఒకడు తెస్తాడు." తన గ్లాసు పక్కన పెట్టి అన్నారు, "నీకు ఆపరేషన్ అయినప్పుడు మీ అక్క నీ దగ్గరుంది. ఇప్పుడు నువ్వు మా దగ్గరున్నావు. ఇందులో తప్పెవరిదని వెతక్కు."

టీ చల్లారిపోయింది. అయినా తాగాను. ఆ బెంచీ మీద కూర్చుని నేను మొక్కుకున్న దేవుళ్ళకి లెక్కలేదు, ఆటలమ్మతో సహా. ఇన్నేళ్ళు నాలో తలదాచుకున్నావు, ఇల్లద్దె అనుకుని ఈ ఒక్క పిల్లని వదిలెయ్యి తల్లీ అన్నాను.

గాజులు

తెల్లారితే శ్రీమంతం, ఆపాలా వద్దా అని అక్క పొద్దున్నించీ తేల్చుకోలేదు. పులిహోర మాత్రం కలిపేసింది. శిరీష నయా రాయపూర్ నించి బయల్దేరకుండా ఫోన్ పట్టుకుని కూర్చుంది. పదకొండు గంటల వేళ స్వాతి నాకే చేసింది.

"ఆంటీ, శిరీషకి రక్షణ ఉంది. బాగా ఉంది. ఎప్పుడో ఆటలమ్మ వచ్చి పోయింది."

"రాలేదన్నారమ్మా మామ్మ."

"నాలుగైదు పొక్కులొచ్చి పోయినా అంతే ఆంటీ. ఒక్కోసారి జుట్టులో వస్తాయి, ఎవరూ చూడరు. ఒకే ఇంట్లో అన్నకొస్తే చెల్లికి రాకుండా ఉండటం చాలా అరుదు. అన్నకొచ్చిన రెండు వారాలకి, ఆయనకి తగ్గాక బయటపడుతుంది."

స్పీకర్‌లో ఉంది ఫోను. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయ్యో, పేలు" అంది. "నేను ఊరినించి వచ్చిన కొన్నాళ్ళకి ఇది తల తెగ గోక్కునేది. పేలనుకుని వేపనూనె పట్టించాను. పొక్కులు పడితే గోక్కుని పుండ్లయ్యాయనుకున్నాను. బడిలో పక్కన కూర్చున్న పిల్లని తిట్టాను కూడా."

నీళ్ళు ముందు పోశారు, ఆటలమ్మ తర్వాత వచ్చింది. మామ్మ ఇదంతా విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇల్లు చూసినమ్మ, ఇంట్లో పిల్లని చూడదేటి? అందుకే అందరికీ పొయ్యమన్నారు పెద్దోళ్ళు" అంది. స్వాతి అటువైపు నించి నవ్వి, "మామ్మగారు సరిగ్గా చెప్పారు ఆంటీ. నా పరిశోధన సగం ఆవిడే చేసేశారు" అంది. నేను కూర్చుండిపోయి ఏడ్చాను. అక్క కూడా. బావ దొడ్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పుకుని నిలబడ్డారు.

శిరీష వచ్చింది. పండరీ చీర కట్టింది. నా పొక్కులకి దళసరిగా కట్టుకట్టి, చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కుని, పేరంటానికొచ్చిన పిల్లలందరికీ దూరంగా కూర్చున్నాను. అది నా దగ్గరికే వచ్చి రెండు చేతులూ చాపింది. విజయనగరం గాజులు కాస్త బిగువయ్యాయి. మెల్లిగా ఎక్కించాను, ఒక్కటీ చిట్లలేదు.

తిరుగు బండికి ముందు

పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా అక్కడే ఉన్నాను. నొప్పి మెల్లిగా తగ్గింది. ఇప్పటికీ మబ్బు పట్టిన రోజున పక్కలో చిన్నగా చిమచిమ ఉంటుంది, అంతే. మందు తొందరగా పడబట్టి అంతటితో పోయిందంది స్వాతి. చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయికి ఆవకాయ జాడీ ఇచ్చాను. నా బుడగ నీరు వాళ్ళ ఫ్రిజ్‌లో భద్రంగా ఉందంది. నా ఏడేళ్ళప్పటి ఆటలమ్మ, మా అమ్మ వేపరెమ్మతో నిమిరిన ఆటలమ్మ, రాయపూర్‌లో చల్లగా కూర్చుందన్నమాట. ఎవరికి పనికొస్తుందో నాకు తెలీదు. బుడగ నీరిచ్చిన ఆ జపాను పిల్లాడికీ తన టీకా ఎవరిని కాపాడిందో తెలీదు.

బయల్దేరే రోజు పొద్దున్న దొడ్లో పెద్ద గంగాళంలో వేపాకు నీళ్ళు కాగుతున్నాయి. మామ్మ పీట వేసుకుని, చెంబు పట్టుకుని కూర్చుంది. ముందు నాకు పోసింది. తర్వాత శిరీష, అక్క. అంతటితో ఆగలేదు. "మీ ఇద్దరూ రండి" అని బావనీ అల్లుణ్ణీ కేకేసింది. పాపం, ఆ అల్లుడు ఆఫీసుకి తయారై ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. "నాకేం రాలేదు కదా మామ్మా" అన్నాడు.

"రానోళ్ళకీ పొయ్యాలి బాబూ" అంది మామ్మ, "అప్పుడే కదా ఇల్లు చల్లగా ఉండేది." చొక్కా విప్పి వంగాడు.

చివరికి శిరీష తన పొట్టమీద చెయ్యి పెట్టుకుని, "మామ్మా, దీనికి?" అని అడిగింది. మామ్మ చెంబులో నీళ్ళు చేత్తో తీసుకుని, తడుముకుంటూ వెళ్ళి, చీర మీదనుంచే ఆ పొట్ట మీద చల్లింది.